నాలుగు సాంచాల చప్పుడు

మాంచెస్టర్ విమానాశ్రయానికి దక్షిణంగా, రన్‌వే కంచె నుంచి నడిచిపోయేంత దూరంలో స్టయల్ అని ఒక చిన్న ఊరుంది. ఊరి పక్కన లోయలో బోలిన్ నది. నది అన్నది ఇక్కడివాళ్ళ మాట. మానేరు చూస్తూ పెరిగినవాళ్ళు దాన్ని వాగు అంటారు. ఆ వాగు ఒడ్డున ఎర్ర ఇటుకల నూలు మిల్లు ఒకటి 1784 నుంచి నిలబడి ఉంది. పేరు క్వారీ బ్యాంక్. శామ్యూల్ గ్రెగ్ అనే వ్యాపారి కట్టించాడు. 1939లో ఆయన వంశీకుడు అలెగ్జాండర్ గ్రెగ్ మిల్లుని, కార్మికుల ఊరిని, చుట్టూ ఉన్న అడవిని కలిపి నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశాడు. అప్పటి నుంచి దాని బాగోగులు ఆ ట్రస్ట్ చూసుకుంటోంది.

ఇప్పుడది ఆదివారం పూట పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని వెళ్ళే చోటు. కారు పార్కింగ్, కేఫ్, ఐస్‌క్రీమ్, గిఫ్ట్ షాపులో పూల బొమ్మల టీ టవల్స్. మే నెలలో అయితే చెట్ల కింద నేలంతా బ్లూబెల్స్‌తో నీలంగా ఉంటుంది. నేను మాంచెస్టర్‌కి చదువుకోడానికి వచ్చిన మొదటి ఏడాదే ఫ్లాట్‌మేట్స్‌తో కలిసి వెళ్ళాను, ఆ పూల కోసమే. మిల్లులోకి టికెట్ కొనలేదు. అడవిలో తిరిగి, కేఫ్‌లో టీ తాగి వచ్చేశాం. లోపలికి వెళ్ళింది మాత్రం రెండేళ్ళ తర్వాత, నా కాన్వొకేషన్‌కి అమ్మ వచ్చినప్పుడు.

అమ్మకి ఏం చూపించాలి అన్నది పెద్ద ప్రశ్న. లండన్ అయిపోయింది. లేక్ డిస్ట్రిక్ట్ వాన వల్ల కాలేదు. "దగ్గర్ల ఏదన్న పార్కు లాంటిది ఉంటే చెప్పు, నడుస్త," అంది. పార్కు ఉంది గానీ అందులో ఒక మిల్లు కూడా ఉందన్నాను. "ఏం మిల్లు?" అంది. బట్టల మిల్లు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి బూట్లు వేసుకుంది.

ఎందుకో చెప్పాలి. అమ్మ పుట్టింది సిరిసిల్ల దగ్గరే అయినా తొమ్మిదేళ్ళ దాకా పెరిగింది బొంబాయిలో, లోయర్ పరేల్ వైపు ఒక చాల్‌లో. తాత అక్కడ ఒక మిల్లులో సాంచె నడిపేవాడు. మా వైపు పవర్‌లూమ్‌ని సాంచె అంటారు. ఆ మాట బొంబాయి, భీవండి, షోలాపూర్‌లకి వలస పోయిన పద్మశాలీలు తిరిగొస్తూ మూటలో తెచ్చుకున్నదే అంటాడు తాత. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి ఎన్ని కుటుంబాలు అలా పోయాయో! చేతి మగ్గం మీద బతుకు సాగక, ఆ మగ్గాన్ని దెబ్బతీసిన మరమగ్గం దగ్గరికే పనికి పోవడం. ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు.

*

మేం ముందు అడవిలోంచి నడిచాం. బీచ్ చెట్లు, ఓక్ చెట్లు, రోడోడెండ్రాన్ పొదలు, చిన్న చిన్న వంతెనలు. చూడ్డానికి ఏమీ ఎరగని అడవిలా ఉంటుంది గానీ అందులో చాలా భాగం ప్లాన్ ప్రకారం పెంచింది. దారులు ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడి నుంచి నీళ్ళు కనపడాలో గ్రెగ్ కుటుంబం ఆలోచించి వేయించుకున్నదే. ప్రతి రెండు మూడు నిమిషాలకీ ఒక విమానం చెట్ల మీదుగా చక్రాలు దించుకుంటూ పోతుంది. బోలిన్ నది ఇంకొంచెం దిగువకి వెళ్ళాక రన్‌వే కిందనే సొరంగంలోంచి ప్రవహిస్తుంది. అమ్మ ఆ విషయం విని, "నీళ్ళ మీద ఇమానం దించుతున్నరా!" అని నవ్వింది.

నదికి అడ్డంగా ఒక ఆనకట్ట ఉంది. దాని వెనక నిలిచిన నీళ్ళలో చెట్ల నీడలు. అందరూ అక్కడ ఆగి ఫొటోలు తీసుకుంటారు, మేమూ తీసుకున్నాం. అది అందం కోసం కట్టింది కాదు. గ్రెగ్ ఈ లోయకి వచ్చిందే ఈ నీళ్ళ పల్లం కోసం. 1784 అంటే ఆవిరి యంత్రాలు ఇంకా మిల్లుల్లో స్థిరపడని కాలం. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1769లో పేటెంట్ తీసుకున్న వాటర్ ఫ్రేమ్ అనే వడికే యంత్రానికి నీటి చక్రం కావాలి, చక్రానికి ఎత్తు నుంచి పడే నీళ్ళు కావాలి. అందుకే తొలి మిల్లులన్నీ ఇలాంటి మారుమూల లోయల్లో వెలిశాయి. మారుమూల కాబట్టి పనివాళ్ళు దొరకరు. పనివాళ్ళు దొరకరు కాబట్టి పిల్లల్ని తెచ్చారు. ఈ మూడు వాక్యాల్లో ఆ మిల్లు చరిత్ర చాలావరకు వచ్చేస్తుంది.

గ్రెగ్ ఇల్లు మిల్లుకి సరిగ్గా పక్కనే ఉంది. తెల్లటి ఇల్లు, నది వైపు వాలుతూ దిగే తోట. ఆ రోజుల్లో యజమాని మిల్లు పక్కనే కాపురం ఉండేవాడు. గంట మోగితే ఆయనకీ వినపడేది. పైన గోడ కట్టిన కూరగాయల తోట, దాని మధ్యలో పాత గాజు ఇల్లు, చలి దేశంలో ద్రాక్ష పండించుకోడానికి. కొన్నేళ్ళ కిందట ట్రస్ట్ ఆ గాజు ఇంటిని బాగుచేయించి మళ్ళీ తెరిచింది. అమ్మ ప్రతి పాదు దగ్గరా ఆగింది. చిక్కుడు తీగని కట్టిన పద్ధతి బాగుందంది. గులాబీల దగ్గర పద్దెనిమిది ఫొటోలు తీసింది, నేను లెక్కపెట్టాను. తర్వాత ఒక బెంచీ మీద కూర్చుని, కింద కనపడుతున్న మిల్లు పొగగొట్టం వైపు చూస్తూ, "పిల్లలను పనికి పెట్టి పూలు పెంచుకున్నరన్నట్టు," అంది. కోపంగా ఏం అనలేదు. ఇంటి లెక్క చూసుకుంటున్నట్టు అంది.

*

అప్రెంటిస్ హౌస్ మిల్లుకి కొంచెం దూరంలో ఉంటుంది, నడిచి పోవాలి. తెల్ల సున్నం వేసిన మామూలు పెద్ద ఇల్లు. 1790లో కట్టారు. ఒకేసారి 90 మంది దాకా పిల్లలు అందులో ఉండేవారు, వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. తొమ్మిది, పదేళ్ళ వయసు నుంచి. చాలామంది వర్క్‌హౌస్‌ల నుంచి వచ్చినవాళ్ళు, అంటే తల్లిదండ్రులు లేకనో, ఉన్నా పోషించలేకనో ఊరి ఖర్చు మీద బతుకుతున్న పిల్లలు. ఆ ఊళ్ళు వాళ్ళని మిల్లుకి అప్పగించి చేతులు దులుపుకునేవి. కాగితం రాసుకునేవారు. తిండి, బట్ట, పడక మిల్లువి; రోజుకి దాదాపు పన్నెండు గంటల పని పిల్లలది. జీతం లేదు. అదనపు గంటలు చేస్తే ఒకటో రెండో పెన్నీలు.

ఇంటిని చూపించేది ఒక పెద్దావిడ. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, "మీ వయసెంత?" అని అడుగుతూ కథ చెబుతుంది. ఒకమ్మాయి పదేళ్ళంది. "అయితే నువ్వు ఇప్పటికే ఏడాదిగా పనిచేస్తూ ఉండేదానివి," అందావిడ. గడ్డి పరుపుల మంచాలు చూపించింది, ఒక్కో దానిలో ఇద్దరిద్దరు. వైద్యానికి వాడిన జలగల సీసా, గంధకం, బెల్లప్పాకం లాంటి ట్రీకిల్. వంటింట్లో గంజి. చెంచాతో ఎత్తితే జారకుండా నిలబడేంత గట్టిగా వండేవారట, మిల్లులో యంత్రం దగ్గర నిలబడి చేత్తో తినడానికి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అప్పటి మిగతా మిల్లులతో పోలిస్తే గ్రెగ్ మంచివాడే. పిల్లలకి తోటలో కూరగాయలు పండేవి. ఒక డాక్టరు క్రమంగా వచ్చి చూసేవాడు. పేరు పీటర్ హాలండ్, కార్మికుల ఆరోగ్యం కోసం మిల్లు పెట్టుకున్న తొలి వైద్యుల్లో ఒకడు. నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్‌కి మేనమామ వరస. 'నార్త్ అండ్ సౌత్' చదివినవాళ్ళకి బెస్సీ హిగ్గిన్స్ గుర్తుండే ఉంటుంది, ఊపిరితిత్తుల్లో పత్తి దూది నిండిపోయి చనిపోయే అమ్మాయి. ఆ పాత్రని సృష్టించిన రచయిత్రి బంధువే ఇక్కడి పిల్లల నాడి చూశాడు. గ్రెగ్ భార్య హానా చదువుకున్న మనిషి, పిల్లలకి అక్షరాలు నేర్పే ఏర్పాటు చేసింది. ఇవన్నీ నిజమే. ఆ ఇంట్లో గైడ్ ఇవన్నీ చెప్పింది. చెప్పి, వెంటనే ఇద్దరు అబ్బాయిల కథ కూడా చెప్పింది.

1806లో జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్లీ అనే ఇద్దరు ఇక్కడి నుంచి పారిపోయారు. ఒకడికి 17, ఇంకొకడికి 13. లండన్ దాకా, అంటే దాదాపు మూడొందల కిలోమీటర్లు. అక్కడ పట్టుబడి మేజిస్ట్రేట్ల ముందు నిలబడ్డారు. వాళ్ళు చెప్పింది రాసుకున్నారు, ఆ కాగితం మిగిలింది. అందులో తిట్లు లేవు. ఏం తినేవాళ్ళమో చెప్పారు, ఆదివారం ఉడికించిన పంది మాంసం, బంగాళాదుంపలు. పడక శుభ్రంగానే ఉండేదన్నారు. సెఫ్టన్ బాధ ఒక్కటే, రోజూ రాత్రి ఓవర్‌టైం చేయించడం వల్ల తన చదువు సాగట్లేదని. ప్రీస్ట్లీ సంగతి వేరు. యంత్రంలో పత్తి బాగా పేరుకుపోయింది, చేతులు ఆ పనిలో ఉండగా ఒక చక్రం పట్టుకుని ఎడమచేతి చూపుడు వేలు ఊడబీకింది. డాక్టరు హాలండే చూశాడు. ఆరు వారాల్లో మానింది. ఆ ఆరు వారాల్లో వాడికి అమ్మని చూడాలనిపించింది. అందుకే పారిపోయాడు.

ముందు వరస పిల్లలు తమ వేళ్ళు చూసుకున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఇంగ్లీషు అమ్మకి సగమే అర్థమై ఉంటుంది, వేలు అన్నది మాత్రం అర్థమైంది.

ఇంకో పేరు ఎస్తర్ ప్రైస్. 1836లో పారిపోయి, తిరిగొచ్చి, శిక్షగా అటక గదిలో బందీ అయింది. తనకి అనుకున్న దానికన్నా వయసెక్కువని, కాబట్టి తన గడువు ముందే తీరిపోతుందని బాప్టిజం పత్రం తెప్పించి మరీ వాదించింది. 2013లో చానెల్ 4 వాళ్ళు 'ది మిల్' అని సీరియల్ తీశారు, ఆమే నాయిక, ఈ మిల్లులోనే షూటింగ్. నాకు ఆ అటక గది కన్నా ఆ బాప్టిజం పత్రమే ఎక్కువ గుర్తుండిపోయింది. పదిహేను, పదహారేళ్ళ మిల్లు పిల్ల, తన పుట్టిన తేదీని తనే రుజువు చేసుకోవడం!

*

అప్పుడు మిల్లులోకి వెళ్ళాం. లోపల నాలుగు అంతస్తులూ తిరగొచ్చు. పత్తిని ఏకడం దగ్గర్నుంచి వడకడం, నేయడం దాకా వరసగా చూపిస్తారు. రాట్నం ముందు ఒకామె కూర్చుని ఏకు నుంచి నూలు తీస్తోంది. అమ్మ చూసి తల ఊపింది, బాగానే తీస్తోందని. పక్క గదిలో మ్యూల్ అనే పెద్ద యంత్రం ఉంది. వందల కదుళ్ళు, వాటిని మోసే బండి ముందుకొచ్చి నూలుని సాగదీసి పురి పెడుతుంది, వెనక్కెళ్ళి చుట్టుకుంటుంది. దాని కింద రాలిన దూది ఊడ్చే పని చిన్న పిల్లలది, బండి ముందుకొచ్చి వెనక్కెళ్ళే లోపల పాకి బయటపడాలి. గైడ్ మోకాళ్ళ మీద కూర్చుని ఎలా పాకేవారో చూపించాడు. ఆయనకి అరవై పైనే ఉంటాయి, లేవడానికి యంత్రం అంచు పట్టుకున్నాడు.

కింద నీటి చక్రం. గది తలుపు తీయగానే తడి చల్లదనం. దాదాపు 50 టన్నుల ఇనుప చక్రం మెల్లగా, ఏ తొందరా లేకుండా తిరుగుతూ ఉంది. ఇది ఇక్కడి అసలు చక్రం కాదు. అది పోయాక యార్క్‌షైర్‌లో ఇంకో మిల్లు నుంచి, విలియం ఫెయిర్‌బైర్న్ రూపొందించిన చక్రాన్ని తెచ్చి బిగించారు. మ్యూజియాల్లో ఇది మామూలే. నిలబెట్టి ఉంచడం అంటే చాలాసార్లు పక్క ఊళ్ళో కూలిన దాని ముక్క తెచ్చి అతకడమే.

మగ్గాల గది చివర్లో వస్తుంది. ముందుగానే చెబుతారు, చప్పుడు ఎక్కువ, చెవులు మూసుకోవచ్చు అని. గదిలో వరసగా పాత మరమగ్గాలు చాలా ఉన్నాయి. మేం వెళ్ళినప్పుడు నడిపింది నాలుగు. నాడె అటు కొట్టి ఇటు కొట్టి, చెక్క మీద చెక్క పడుతుంటే నేల చెక్కలు అరికాళ్ళ దాకా అదిరాయి. అందరూ చెవులు మూసుకున్నారు. ఒక పసివాడు ఏడుపు లంకించుకుంటే వాళ్ళ నాన్న బయటికి ఎత్తుకెళ్ళాడు. అమ్మ మాత్రం తాడు దగ్గరికి, ఇంకా ముందుకి జరిగింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. నూనె, వేడెక్కిన ఇనుము, పత్తి దుమ్ము కలిసిన వాసన. "గిదే," అంది. వినపడలేదు, పెదాలు కదలడం చూశాను. "గిదే వాసన."

చాల్ నుంచి మధ్యాహ్నం పాళీకి తాతకి సద్ది తీసుకుని మిల్లు గేటు దాకా పోయేది తనే. గేటు లోపలికి పోనిచ్చేవారు కాదు. ఆ గేటు దగ్గర తొమ్మిదేళ్ళ పిల్లకి మిల్లు అంటే ఆ వాసన, ఆ చప్పుడు, బయటికొచ్చే తాత భుజాల మీద దూది. ఇన్నేళ్ళ తర్వాత, వేరే దేశంలో, టికెట్ కొనుక్కుని, మొదటిసారి గేటు లోపలికి వచ్చింది.

మగ్గాలు ఆపాక గైడ్ చెప్పాడు, ఇలాంటివి వందలు నడిచే గదుల్లో నేతగత్తెలకి కొన్నేళ్ళకే చెవుడు వచ్చేదని. అందుకని లాంకషైర్ మిల్లుల్లో వాళ్ళు పెదాలతో, మొహంతో మాట్లాడే పద్ధతి ఒకటి పుట్టింది. ప్రతి అక్షరాన్నీ నోరంతా తెరిచి, సాగదీసి, శబ్దం లేకుండా. దానికి మీ-మా అని పేరు. గది ఆ చివర నుంచి ఈ చివరకి కబుర్లు చెప్పుకునేవారు. ఆయన చేసి చూపించాడు కూడా. నేను తెలుగులో అమ్మకి చెప్పబోయాను. అవసరం లేకపోయింది. అప్పటికే నవ్వుతోంది. "మా బాపు గట్లనే మాట్లాడుతడు గద!"

అవును. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. తాత మాట్లాడేటప్పుడు నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా నమిలినట్టు మాట్లాడతాడు. మేం పిల్లలం వెనక నుంచి వెక్కిరించేవాళ్ళం. పళ్ళు లేకనేమో అనుకునేదాన్ని. అది ఒక పనిలో నేర్చిన భాష అని, దానికి ఇంకో ఊళ్ళో ఒక పేరు కూడా ఉందని ఈ మిల్లులో తెలిసింది.

*

పత్తి ఎక్కడి నుంచి వచ్చేదో చెప్పే గది కూడా ఉంది. ఇంగ్లండులో పత్తి పండదు. కరేబియన్ దీవుల నుంచి, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి లివర్‌పూల్ రేవుకి వచ్చేది. పండించింది బానిసలు. గ్రెగ్ సంబంధం పత్తి కొనడంతోనే ఆగలేదు. ఆయనకి డొమినికా దీవిలో హిల్స్‌బరో అనే చెరకు తోట ఉండేది, అందులో పనిచేసే మనుషులతో సహా. హానా మాత్రం బానిసత్వాన్ని వ్యతిరేకించే లివర్‌పూల్ మిత్రుల మధ్య పెరిగిన మనిషి. 1833 చట్టంతో బానిసత్వం రద్దయినప్పుడు ప్రభుత్వం మొత్తం రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది, యజమానులకి. గ్రెగ్ కుటుంబానికీ అందులో వాటా వచ్చింది. తోటలో పనిచేసినవాళ్ళకి ఏమీ రాలేదు.

ఆ పటం మీద ఓడ దారులు గీసి ఉన్నాయి. ఆఫ్రికా, కరేబియన్, లివర్‌పూల్. మన వైపు నుంచి వచ్చే గీత ఇంకా పాతది. మచిలీపట్నం చుట్టుపక్కల అద్దకం బట్టలు, కోరమండల్ తీరపు చింట్జ్, ఇంగ్లండు ఆడవాళ్ళని ఎంతగా మరిగించాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేస్తే 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసి వాటిని నిషేధించారు. ఆ నిషేధం చాటున, ఆ బట్టని అనుకరించే ప్రయత్నంలో ఇక్కడ పత్తి పరిశ్రమ పెరిగింది. 1774లో నిషేధం ఎత్తేశారు. పదేళ్ళకి క్వారీ బ్యాంక్ వచ్చింది. ఇంకో నలభై ఏళ్ళకి ఇంగ్లండు మిల్లు నూలు మన సంతల్లోకి దిగింది, ఇంటింటి రాట్నాలూ మూలపడటం మొదలైంది. 1850లలో బొంబాయిలో మొదటి నూలు మిల్లు పెట్టినప్పుడు యంత్రాలు వచ్చింది మాంచెస్టర్ పక్కనున్న ఓల్డామ్ నుంచి, ప్లాట్ బ్రదర్స్ కంపెనీవి.

ఓల్డామ్ పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. తాతకి ఇంగ్లీషు చదవడం రాదు గానీ, తను పనిచేసిన ఖాతాలో ఒక యంత్రం మీద పోత ఇనుములో ఆ అక్షరాలు ఉండేవట. ఎవరో చదివి చెప్పారు. నేను మాంచెస్టర్ వెళ్తున్నానని చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఓల్డామ్ దగ్గర్నా?" అని. ట్రామ్‌లో వెళ్ళొచ్చు తాతా అంటే చాలా సంతోషపడ్డాడు, నేనేదో చుట్టాల ఊరికి పోతున్నట్టు.

*

తాత బద్లీగా మొదలై, అంటే రోజూ గేటు దగ్గర నిలబడి ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట పనిలోకి పోయేవాడిగా మొదలై, పర్మనెంట్ కావడానికి ఆరేళ్ళు పట్టింది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వం, దాదాపు రెండున్నర లక్షల మంది. ఆ సమ్మెని ఎవరూ అధికారికంగా విరమించలేదని అంటారు. అది అయిపోలేదు, కరిగిపోయింది. ఎనిమిది నెలలు చూసి తాత అవ్వనీ పిల్లల్నీ ఊరికి పంపాడు, ఇంకో ఏడాదికి తనూ వచ్చేశాడు. రావాల్సిన బాకీ ఎప్పటికీ రాలేదు. సిరిసిల్లలో ఇంకొకరి సాంచాల మీద మళ్ళీ మొదలుపెట్టాడు.

1991లో నిబంధనలు మారి మిల్లుల భూములు అమ్ముకోవడానికి దారి పడింది. ఇప్పుడు లోయర్ పరేల్ అంటే మాల్స్, అద్దాల ఆఫీసులు, బార్లు. నా క్లాస్‌మేట్ ఒకడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. కొన్నిచోట్ల పాత పొగగొట్టాన్ని అలంకారంగా ఉంచారు. ఒక మూసేసిన మిల్లు ఆవరణలో టెక్స్‌టైల్ మ్యూజియం పెట్టాలన్న ప్రణాళిక ఏళ్ళుగా నడుస్తోంది. మనుషుల మాటలు మాత్రం పుస్తకంలో దొరుకుతాయి. నీరా ఆదార్కర్, మీనా మీనన్ వంద మందికి పైగా కార్మికులతో మాట్లాడి 2004లో తెచ్చిన మౌఖిక చరిత్ర 'వన్ హండ్రెడ్ ఇయర్స్, వన్ హండ్రెడ్ వాయిసెస్'. గిరణ్‌గావ్ గురించి తెలుసుకోవాలంటే అక్కడ మొదలుపెట్టండి.

క్వారీ బ్యాంక్ చూస్తున్నంతసేపూ నాకు రెండు రకాలుగా అనిపించింది. ఒకటి అసూయ. వీళ్ళు మిల్లుని ఉంచుకున్నారు, పొగగొట్టం ఒక్కటే కాదు, మంచాలు, జలగల సీసా, పారిపోయిన పిల్లల వాంగ్మూలం కూడా. రెండోది చిరాకు. ఇంత పచ్చదనం మధ్య, ఇంత శుభ్రంగా, కేక్ ముక్కతో పాటు వడ్డిస్తే ఎవరి కష్టమైనా తియ్యగానే ఉంటుంది. యజమాని తోటలో పూలు బాగుంటాయి. ఎందుకు బాగున్నాయో తెలిసినా బాగుంటాయి, అదే ఇబ్బంది. ఆ రెండిట్లో ఏది సరైందో తేల్చాలని నేను అనుకోవట్లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ మిల్లులో నాకు గుర్తున్నవన్నీ కాగితం మీదికి ఎక్కినవే. ప్రీస్ట్లీ వేలు మనకి తెలిసింది ఒక గుమాస్తా వాడి మాటలు రాసిపెట్టడం వల్ల. భవనం ఉండి ఆ కాగితం లేకపోతే మిగిలేది ఫెయిర్‌బైర్న్ చక్రం, గ్రెగ్ గారి గులాబీలు. బొంబాయిలో భవనం పోయింది. కానీ మాటలు చెప్పేవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు, వాళ్ళలో ఒకరు సిరిసిల్లలో మా చిన్న మామయ్య ఇంట్లో, ముందు గదిలో, మంచం మీద ఉన్నారు.

ఆ సాయంత్రం నా గదికి వచ్చాక వీడియో కాల్ చేశాం. తాతకి ఫోన్లో ఏదీ వినపడదు, కానీ మొహం కనిపిస్తే చాలు. అమ్మ నోరు పెద్దగా తెరిచి, శబ్దం లేకుండా, మొత్తం చెప్పింది. నేను పక్కన ఇంకో ఫోన్‌తో రికార్డు చేయడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం చేస్తున్నాను, ఇప్పటికి పదకొండు అయ్యాయి.

"ఎన్ని సాంచాలు నడుస్తున్నయ్?" అన్నాడు తాత.

అమ్మ నాలుగు వేళ్ళు చూపించింది.

"నాలుగేనా! నాలుగు సాంచాలకు సప్పుడెక్కడిది!" అని తొడ మీద కొట్టుకుని నవ్వాడు. నడిపేవాళ్ళకి జీతమెంత అన్నాడు. కొందరికి జీతం లేదు, ఇష్టంతో చేస్తారు అంటే అది ఆయనకి ఎంతకీ ఎక్కలేదు. రెండుసార్లు అడిగాడు.

తర్వాత అమ్మ ఆ అబ్బాయి సంగతి చెప్పింది. తన ఎడమ చూపుడు వేలు చూపించి, కోసినట్టు గీత గీసింది. తాత తన ఎడమ చెయ్యి కెమెరా ముందు పెట్టి, కుడి చేత్తో చూపించాడు. "దూది తీస్తాంటడు. కుడిచెయ్యి మీద నజర్ ఉంటది. ఎడమచెయ్యిని సూడడు. గట్లనే పోతది." కాసేపు ఆ చెయ్యి అలాగే ఉంచాడు. "ఎన్నేండ్లు?"

పదమూడు.

"మళ్ళ ఏం జేసిండు?"

"వాళ్ళమ్మను సూడనీకె పట్నం దాక నడుసుకుంట పోయిండు బాపూ," అని అమ్మ పెదాలతో చెప్పింది. తాత తల ఊపాడు. తిన్నారా అని అడిగాడు.